చెడగొట్టింది ఓబుళేసే

తాడిపత్రిలో ఏ కంప్యూటరు చెడిపోయినా చెడగొట్టింది ఓబుళేసే. ఈ మాట ఆయనంటే గిట్టనివాళ్ళు పుట్టించింది కాదు. రిపేరుకు పిలిచిన ప్రతి చోటా, గడప దగ్గర చెప్పులు విడుస్తూనే, పెట్టె మూత విప్పకముందే, అసలు జబ్బేమిటో వినకముందే ఆయనే చెప్పుకునేవాడు.

"తప్పు నాదే సార్."

పని తెలియక కాదు. స్టేషన్ రోడ్డులో ఆయనకు మోటార్ల వైండింగు షాపు ఉండేది. అందులోనే ఓ మూల బల్ల వేసుకుని, అనంతపురం పాత సామాన్ల అంగళ్ళలో దొరికిన చచ్చిన కంప్యూటర్లను విప్పి, బిగించి, మళ్ళీ విప్పి పని నేర్చుకున్న మనిషి. స్క్రూ బిగించాక దాని మీద బొటనవేలు ఒకసారి ఆనించి చూసేవాడు. ఆయన మూత వేసిన పెట్టె మళ్ళీ మొరాయించడం అరుదు. అలాంటివాడు తప్పు నాదే, తప్పు నాదే అంటూ తిరగడమేమిటో ఊరికి అర్థమయ్యేది కాదు.

ఒక ఏడు వానాకాలంలో, వానాకాలమని పేరే గానీ పడ్డది ఒక్క పిడుగే, ఓ లాయరు గారి ఆఫీసులో మోడెం మాడిపోయింది. ఓబుళేసు వచ్చాడు.

"తప్పు నాదే సార్."

"పిడుగు నువ్వేసినావా ఏమప్పా?"

"ఎర్తు తీగ సరిగ్గా ఉండాదా లేదా అని పోయిన తూరి నేను చూసుండాల్సింది."

"పోయిన తూరి నువ్వు రానేలేదు కదా."

"అదే సార్ తప్పు."

ఇంకోసారి ఎరువుల అంగట్లో కీబోర్డు పని చేయలేదు. బోర్లించి తడితే గుప్పెడు శెనక్కాయ పొట్టు రాలింది. యజమాని గుమాస్తా వైపు గుర్రుగా చూశాడు. ఓబుళేసు ఆ పొట్టును అరచేతిలోకి ఊడ్చుకుంటూ, "నేనే తిన్యా సార్, ఇంతకుముందు వచ్చినప్పుడు. నోరు ఊరుకోదు నాకు" అన్నాడు.

"శెనక్కాయలు నమిలేకి నీకు పండ్లు యాడుండాయప్పా?"

నిజమే. రాగి తీగలు కొరికి కొరికి ఓబుళేసు ముందరి పళ్ళు ఎప్పుడో పోయాయి.

"అందుకే సార్, సగం కింద పడిపాయ."

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య బయమ్మ వీధి పంపు దగ్గర గోడు వెళ్ళబోసుకునేది. "మీ మొగోళ్ళు తప్పు చేసి కూడా ఒప్పుకోరు. కొట్లాడేకి మీకెంత సులువు. నేను పప్పు మాడిస్తే మా ఆయప్ప, తప్పు నాదే, వాసన చూసి చెప్పుండాల్సింది అంటాడు. ఇట్లాంటోనితో ఏమని కొట్లాడాలమ్మా? పెండ్లయినప్పట్నుంచి ఒక్క కొట్లాటన్నా పూర్తి కాలేదు నాకు."

ఓబుళేసు తీరుకు పూర్తిగా వ్యతిరేకం, అనంతపురం నుంచి టై కట్టుకుని వచ్చే ఓ కంప్యూటర్ కంపెనీ మనిషి. ఆయన ఏ పెట్టెను చూసినా, "దీన్నెవరో కెలికారు" అనేవాడు. అని, గదిలో ఉన్నవాళ్ళ వైపు ఒక్కొక్కరినే చూసేవాడు. ఆయన వచ్చిపోయాక మామూలుగా ఎవరో ఒకరి ఉద్యోగం ఊడేది. ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళకు ఆయన మీదే గురి. తప్పు తనదని చెప్పుకునే మెకానిక్కు కంటే తప్పు ఇంకొకరిదని చెప్పే మెకానిక్కే వాళ్ళ కంటికి గొప్పగా ఆనేవాడు.

సువార్త మాత్రం ఓబుళేసును దగ్గరగా చూసింది. ఆమె నాయన బండల గనిలో రాయి కొట్టేవాడు. ఇంటర్ అయ్యాక కంప్యూటర్ సెంటర్లో చేరిందామె. ఒకరోజు పెట్టె ఏదో పనిలో ఉండగా మధ్యలో స్విచ్చి ఆపేసింది. అంతే, అది మళ్ళీ లేవలేదు. సెంటర్ సార్ వచ్చి ఎవరు చేశారని అరుస్తుంటే ఆమె గోడకు అంటుకుపోయింది. ఇంతలో గడప దగ్గర చెప్పుల చప్పుడు.

"తప్పు నాదే సార్. ప్లగ్గు వదులుగా పెట్టిపోయినట్టుండా."

సార్ ఆయన్ను నాలుగు తిట్టి బయటికి పోయాడు. ఇద్దరే మిగిలాక సువార్త నిలవలేకపోయింది. "అన్నా, నేనే స్విచ్చి ఆపేసినా" అంది.

"ఆపేటప్పుడు తెర మీద ఏముండె?"

ఆమె చెప్పింది. కాసేపట్లో పెట్టె లేచి కూర్చుంది.

"అట్లయితే నీ తప్పని ఎందుకన్యావన్నా?"

ఓబుళేసు మూత బిగిస్తూ చెప్పాడు. "బోరు మోటార్ల దగ్గర నేర్చుకున్యా మా. కాలిన మోటారు ఎత్తుకొచ్చిన రైతు ఎవురూ నిజం చెప్పడు. దానంతట అదే కాలిపాయన్నా అంటాడు. చేనికి పోయి చూస్తే బోర్లో చుక్క నీళ్ళుండవు. కరెంటు వచ్చింది కదా, ఏమో వస్తాయేమో అని ఆశకొద్దీ ఉత్తదే తిప్పుంటాడు. ఆ మాట చెప్పేకి వానికి సిగ్గు. అది తెలీకుండా నేను వైండింగు కట్టి ఇస్తే మళ్ళా కాలుతాది. అందుకే ముందు నేనే, నా వైండింగే సరిగ్గా లేదేమోలే అంటా. అప్పుడు వాడే, లేదన్నా, నీళ్ళు లేకున్నా తిప్పినా అంటాడు. తప్పు నా నెత్తిన పెట్టుకుంటే వానికి నోరు లేస్తాది."

"అంతేనా?"

"అంతే. పని కోసరం."

సువార్త నమ్మింది. టెస్టరూ స్క్రూడ్రైవరూ లాగా ఆయనకు ఇదీ ఒక పనిముట్టు అన్నమాట. మంచి పనిముట్టే అనుకుంది. దానికి ఆయన ఎంత ధర చెల్లిస్తున్నాడో ఆ రోజు ఆమెకు తెలియదు.

తర్వాత ఆమెకు బసప్ప గారి బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఆపరేటరుగా పని దొరికింది. బసప్ప పాలిష్ ఫ్యాక్టరీల సంఘానికి అధ్యక్షుడు. మనిషి మంచివాడే, కానీ కోత మిషనుకు బ్లేడు మార్చినట్టు ఆపరేటర్లను మార్చేవాడు. రాయి ధూళి పడని గదిలో, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం సువార్త వాళ్ళ ఇంట్లో అదే మొదలు. ఆమె నాయన ఆ వైపు వెళ్ళినప్పుడల్లా రోడ్డు మీద నిలబడి కిటికీ వైపు ఒకసారి చూసి పోయేవాడు.

రెండువేల మూడు ఎండాకాలంలో బసప్ప బెంగుళూరు నుంచి ఆఫీసు కంప్యూటరుకు కొత్త విండోస్ ఎక్స్‌పీ తెచ్చాడు. ఊరంతా నకలు సీడీలతో నెట్టుకొస్తున్న రోజుల్లో ఆయన ఒరిజినల్ కొన్నాడు. దాని అట్టపెట్టెను బసవేశ్వరుడి పటం పక్కన పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. కంపెనీ మనిషి వచ్చి ఎక్కించేదాకా ఎవరూ ముట్టకూడదని చెప్పి, పెండ్లికని హోస్పేట పోయాడు.

కంపెనీ మనిషి రాలేదు. పాత విండోస్ తొంభై ఎనిమిది పూటకోసారి నీలం తెర చూపించి పడుకుంటోంది. సువార్త చేతులు ఊరుకోలేదు. బిల్లులన్నీ ముందు ఫ్లాపీల్లోకి ఎత్తి పెట్టుకుంది. డిస్కులో చోటు చేసింది. సీడీ వేసి, అది అడిగినదానికల్లా చదివి చదివి జవాబిస్తూ కొత్తది ఎక్కించింది. పాత బిల్లులు ఒక్కటి పోలేదు. ప్రింటరు కర్రుమంటూ మొదటి బిల్లు కొట్టినప్పుడు ఆమె ఆ కాగితాన్ని కాసేపు అట్లాగే పట్టుకుని కూర్చుంది.

బసప్ప తిరిగొచ్చి తెర చూసి మురిసిపోయాడు. "ఏమ్మా, కంపెనీ ఆయప్ప వచ్చి పోయినాడా?"

వద్దన్న పని చేశానని చెప్పడానికి సువార్తకు నోరు రాలేదు. తల ఊపింది.

ఆ ఊపిన తలే చిక్కు తెచ్చింది. ఎక్స్‌పీ ఎక్కించగానే సరిపోదు. తయారుచేసిన వాళ్ళకు ఫోను చేసి, తెర మీద కనిపించే పొడుగాటి అంకె చదివి, వాళ్ళిచ్చే ఇంకో అంకె కొట్టాలి. దాన్ని యాక్టివేషన్ అంటారు. గడువు లోపల చేయకపోతే పెట్టె తలుపేసుకుంటుంది. ఫోను ఉండేది బసప్ప బల్ల మీద. చేస్తే, కంపెనీ మనిషి చేయలేదా అంటాడు. రోజూ పొద్దున తెర మూలన గుర్తుచేసే బుడగ లేచేది. సువార్త దాన్ని మూసేసేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకునేది. వారం రోజులుగా ఆ బుడగ కూడా లేవడం మానేసింది. ఎందుకో తెలియలేదు గానీ, ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఒక పొద్దున పెట్టె తలుపేసుకుంది. యాక్టివేషన్ చేస్తే తప్ప లోపలికి రానివ్వనంది.

బయట బెంగుళూరు పోవాల్సిన లారీ బండలతో సిద్ధంగా ఉంది. డ్రైవరు కుళ్ళాయప్ప టీ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడ్డాడు. "చేత్తో రాసిచ్చేయండి సార్, పోతా."

"కొలతలన్నీ దాంట్లోనే ఉండాయప్పా. అదీగాక, మాది కంప్యూటర్ బిల్లు అని పార్టీకి చెప్పుకున్యా. ఇప్పుడు కార్బన్ కాగితం పంపితే నా మర్యాద ఏం గావాల?" అని బసప్ప గదంతా చూశాడు. గదిలో ఉన్నది సువార్త, లెక్కలు రాసే ముసలి గుమాస్తా రంగన్న. "దీన్ని కెలికినోళ్ళు ఎవురో గానీ, రేపట్నుంచి వాళ్ళు ఈ గడప తొక్కే పని లేదు."

రంగన్న పుస్తకంలోకి వంగిపోయాడు. సువార్త కుర్చీ అంచులు రెండు చేతులా పట్టుకుంది. కంపెనీ మనిషికి ఫోను చేస్తే ధర్మవరంలో ఉన్నాడు, రేపు వస్తాడట.

"ఓబుళేసన్నను పిలవండి సార్" అన్నాడు కుళ్ళాయప్ప. "ఎట్లా తప్పు ఆయనదే కదా."

ఓబుళేసు సైకిలు దిగి, గడప దగ్గర చెప్పులు విడిచాడు.

"తప్పు నాదే సార్."

"నువ్వు ఈ ఆఫీసుకొచ్చి ఏడాదయిందప్పా."

"నడమ నడమ వచ్చి చూసిపోతాండాల్సింది."

బసప్పకు ఆ రోజు ఆట పట్టించే ఓపిక లేదు. "సరే. తప్పు నీదే అంటాండావు కదా. ఇది బాగు చేసి పో. ఇంగ మా సంఘంలో ఏ ఫ్యాక్టరీకీ నువ్వు రావద్దు. సాయంత్రానికల్లా అందరికీ చెప్తా."

తాడిపత్రిలో కంప్యూటరున్న ఫ్యాక్టరీలన్నీ ఆ సంఘంలోవే. ఓబుళేసు మాత్రం, టీలో చక్కెర చాలా అని అడిగితే చెప్పినట్టు, "సరే సార్" అని బల్ల కిందికి దూరాడు.

తీగలు పట్టుకునే వంకతో సువార్తా వంగింది. "అన్నా, ఎందుకొప్పుకున్యావు? ఇది నేనే..."

"తెలుసమ్మా. నీ ముఖం చూస్తానే తెలిసింది."

"మరి నీ పని?"

"నాకు వైండింగుండాది. ఈ ఊర్లో బోర్లు ఎండుతానే ఉంటాయి, మోటార్లు కాలుతానే ఉంటాయి. నీకు ఈ కుర్చీ పోతే మళ్ళా యాడ దొరుకుతాది? గమ్మునుండు. ఆ ప్లగ్గు ఇట్లియ్యి."

సువార్త ప్లగ్గు ఇచ్చింది. ఇన్నాళ్ళూ పని కోసరం అని చెప్పిన మాట సగమేనని అప్పుడు తెలిసింది ఆమెకు. ఎరువుల అంగడి గుమాస్తా, కంప్యూటర్ సెంటర్లో తాను, ఇంకా ఎందరెందరి కుర్చీలనో ఈ పళ్ళు లేని మనిషి నెత్తిన పెట్టుకు తిరుగుతున్నాడు.

ఓబుళేసు పైకి లేచి ఎక్స్‌పీ తయారుచేసిన వాళ్ళకు ఫోను చేశాడు. సువార్త తెర మీది అంకెను ఆరేసి చొప్పున చదివింది. ఆయన ఫోను మీటలు నొక్కాడు. అవతల రికార్డు గొంతు ఒప్పుకోలేదు. కాసేపటికి ఒక అమ్మాయి పలికింది. ఓబుళేసు తన తాడిపత్రి ఉర్దూలో మాట్లాడి, ఫోను అరచేత్తో మూశాడు.

"సార్, ఈ సీడీ ఎన్ని పెట్టెల్లో ఎక్కించినారని అడుగుతాంది."

"ఒకటే అని చెప్పు."

"ఒకటే అయితే ఇంతకుముందే ఒప్పుకునుండాల సార్. ఇంగో యాడనో ఎక్కుండాది. అది చెప్తే గానీ ఈయమ్మ అంకె ఇయ్యదు."

ఓబుళేసు అలవాటు ప్రకారం అన్నాడు. "సరే, తప్పు నాదే. నేనే యాడనో ఎక్కించింటా. అయితే యాడ ఎక్కించినానో ఎవురన్నా చెప్పండి."

సువార్త లేచి నిలబడింది. "సార్, ఆయన తప్పేం లేదు. కంపెనీ ఆయప్ప రానేలేదు. మీరు వద్దన్నా నేనే ఎక్కించినా. ఫోను చేయాలని తెలిసి కూడా మీకు చెప్పలేదు. రేపట్నుంచి నేను రాను. అన్నను మాత్రం ఏమనొద్దండి."

"అది కాదమ్మా ఇప్పుడు అడుగుతాండేది" అన్నాడు ఓబుళేసు కంగారుగా. "ఇంగో పెట్టె యాడుండాదని."

రంగన్న కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పాపం, ఆ పాప రోజూ ఆ బుడగ చూసి దిగులు పడతాంటే చూడలేక, నేను కంప్యూటర్లో తేదీ వెనక్కి తిప్పినా సార్. గడువంటే తేదీయే కదా, వెనక్కి పోతే పెరుగుతాది అనుకున్యా."

బుడగ ఎందుకు లేవలేదో సువార్తకు అప్పుడు అర్థమైంది. పోయిన వారం ఒక బిల్లు పాత నెల తేదీతో వస్తే రంగన్న గబగబా పెన్నుతో దిద్దడం కూడా గుర్తొచ్చింది.

"తేదీ తిప్పితే ఇది ఇంగా బిగుసుకుంటాది రంగన్నా. సరేలే, అదీ కాదు ఇప్పుడు. ఫోన్లో ఆయమ్మ కాచుకోనుండాది" అన్నాడు ఓబుళేసు.

కుళ్ళాయప్ప టీ తాగడం ఆపాడు. బసప్ప గొంతు సవరించుకున్నాడు. పటం వైపు చూశాడు. పటం పక్కనున్న అట్టపెట్టె వైపు చూశాడు.

"మా బామ్మర్ది అడిగితే ఒక దినం ఇచ్చినా. బుక్కరాయసముద్రంలో ఆయప్ప పెట్టెలో వేసుకున్నాడు. అందరికీ ఒరిజినల్ ఒరిజినల్ అని చెప్పుకుంటి, ఈ మాట ఎట్ల చెప్పేది?"

ఓబుళేసు ముఖం వెలిగింది. ఫోను మీంచి చెయ్యి తీసి, "మేడమ్, దో" అన్నాడు. రెండోదానిలోంచి తీసేయిస్తామని బసప్ప చేత కూడా చెప్పించాడు. అవతలి అమ్మాయి కొత్త అంకె చెప్పింది. ఓబుళేసు తేదీ సరిచేయించాక సువార్త అంకె కొట్టింది. పెట్టె తలుపు తెరుచుకుంది. ప్రింటరు కర్రుమంది.

కుళ్ళాయప్ప బిల్లు మడిచి జేబులో పెట్టుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "అయితే సార్, కెలికినోళ్ళు రేపట్నుంచి రావద్దంటిరి. ఆపరేటరు, గుమాస్తా, ఓనరు, ముగ్గురూ రాకుంటే రేపు లోడు నాకెవురిస్తారు?"

బసప్ప ఆయన్ను చూశాడు. రంగన్నను చూశాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు, ఆగలేదు. "బండి తీయప్పా నువ్వు" అని, సువార్త వైపు తిరిగాడు. "పాత బిల్లులు ఏమన్నా పోయినాయా?"

"లేదు సార్. ముందే ఫ్లాపీల్లోకి తీసుకున్యా."

ఓబుళేసు అప్పటికే లోపలంతా తిరిగి చూస్తున్నాడు. బొటనవేలు తెర అంచుకు ఆనించి, "ఒక్క ఫైలు చెదరలేదు సార్" అన్నాడు. "నేనే ఎక్కించుంటే ఇంత శుభ్రంగా వచ్చేది కాదు. ఇది పని."

ఆ మాట అంతవరకూ ఓబుళేసు నోట ఎవరి గురించీ ఎవరూ వినలేదు. సువార్త తల వంచుకుంది గానీ, భుజాలు మాత్రం వంగలేదు.

"ఇంగ ఆ టై ఆయప్పతో పనేముండాది మనకు" అన్నాడు బసప్ప. "ఏం వచ్చినా ఈ పాప చూస్తాది. చేతకాకుంటే నువ్వు రా ఓబుళేసూ. సంఘంలో కూడా అదే చెప్తా."

ఓబుళేసు చెప్పులు వేసుకుని బయటికొచ్చాడు. లారీ వెనక్కి తీయాలి. ఆయన వెనక నిలబడి, "రానీ, రానీ" అంటూ చెయ్యి ఊపసాగాడు. ఊపుతూ ఊపుతూ కిటికీ వైపు చూశాడు. లోపల సువార్త ఇంకో బిల్లు కొడుతోంది. ఆ చూపు అక్కడే ఉండిపోయింది, నోరు మాత్రం రానీ అంటూనే ఉంది. ధన్‌మని గేటు కంబం ఒకటి పక్కకు ఒరిగింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు.

"తప్పు నాదే సార్" అన్నాడు ఓబుళేసు. "యాడనో చూస్తా రానీ అన్యా."

ఆయన జీవితంలో ఆ మాట అక్షరాలా నిజమైంది అదే మొదటిసారి. ఒక్కరూ నమ్మలేదు.

"ఆయన మాట వినాకండి సార్" అన్నాడు కుళ్ళాయప్ప కిందికి దూకి. "నేనే అద్దంలో చూసుకోలేదు."

"గేటు సగమే తీసి పెట్టినా నేను" అన్నాడు రంగన్న.

"అన్నను నేనే పిలిచినా సార్, ఇట్ల తిరిగినాడు" అంది సువార్త కిటికీలోంచి.

"లేదు సార్, నిజంగానే నాదే" అని ఓబుళేసు మొత్తుకున్నాడు.

బసప్ప ఒరిగిన కంబం చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"ఊరుకోండప్పా" అన్నాడు. "గేటు ఇంత ఇరుగ్గా కట్టించింది నేను కదా."